పద్దెనిమిది కంచాలు

ఆసుపత్రి వంటశాల, స్టోరు గది
ఆగస్టు 4

ఏమే పిడుగా,

నువ్వు కులాసాగానే ఉండి ఉంటావు. నేను లేను, కాబట్టి ఆ మాట రాసి కాగితం దండగ చేయను. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు "సరే పిన్నీ, సరే పిన్నీ" అంటూ జారుకుంటావు. కాగితమైతే నీ బల్ల మీద కూర్చుని నిన్నే చూస్తూ ఉంటుంది.

సంగతి విను. మా వంటశాల మూసేస్తారట. పంతొమ్మిదేళ్లుగా నేను పొయ్యి ముట్టిస్తున్న చోటు! నిన్న సూపరింటెండెంటు పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు. డిసెంబరు ఒకటి నుంచి రోగుల భోజనం ముప్పై కిలోమీటర్ల అవతల ఏదో కంపెనీ వాళ్ల వంట ఫ్యాక్టరీ నుంచి సీలు వేసిన డబ్బాల్లో వస్తుందట. మంచానికి ఒక డబ్బా. ఒక్క మెతుకు ఎక్కువ ఉండదట. నేనేమో ఆ డబ్బాలు దింపించి వార్డులకు పంపాలట. ఇంతింత గుండిగలు దించిన చేతులు ఇక మూతలు లెక్కపెట్టుకోవాలన్నమాట.

ఎందుకండీ అంటే "వృథా" అన్నాడు. ఎవరో పరిశోధన చేశారట. మేం వంద మందికి వండితే పద్దెనిమిది మంది తిండి చెత్తకుండీలోకి పోతోందని తేల్చారట. పద్దెనిమిది! నా వంటశాలలో! నేలమీద పడ్డ బియ్యపు గింజని కూడా ఏరి చాటలో వేసే మనిషిని నేను.

"ఈ పద్దెనిమిది కనిపెట్టిన మహానుభావుడెవరో ఒక్కసారైనా పొయ్యి దగ్గరికి వచ్చాడా సార్?" అని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇబ్బంది ఎదురైతే ఆయన చేసే పని అదొక్కటే.

నువ్వు చదివేది ఇదేగా? పొద్దున వ్యాపారం, మధ్యాహ్నం ప్రభుత్వ విధానం, రెండూ కలిపి జనం తిండి బాగుచేసే చదువని మీ అమ్మ వీధంతా చాటుతోంది. పైగా వేసవిలో వచ్చి, కాలేజీ పని అని పది రోజులు ఈ స్టోరు గదిలోనే కూర్చుని నా పుస్తకాలన్నీ తిరగేశావు. నా వంటశాల గురించి నీకంటే తెలిసినవాళ్లెవరు? ఆ రాసినవాడికి బుర్ర లేదని మీ చదువుకున్న భాషలో నాలుగు ముక్కలు రాసి పంపు. మా భాష వాళ్లకి ఎక్కదు.

పిన్ని

~

హాస్టలు, మూడో అంతస్తు
ఆగస్టు 13

పిన్నికి,

ముందు కోపం తగ్గించుకో. నీకు బీపీ ఉంది.

నువ్వు అనుకుంటున్నంత అన్యాయం కాదేమో, కొంచెం ఆలోచించు. ఆ పద్దెనిమిది ఎవరూ గాల్లోంచి తీయలేదు. నీ రిజిస్టర్లోదే. వండినది, వడ్డించినది, పారేసినది అని మూడు గడులు ఉన్నాయిగా. మూడో గడి కూడితే వచ్చేది అంతే. మాకు మొదటి రోజు చెప్పే పాఠం ఇదే: పండినదాంట్లో చాలాభాగం నోటిదాకా రాకుండానే పోతుంది. ఎక్కడ పోతోందో పట్టుకుంటే, కొత్తగా గింజ పండించకుండానే ఇంకొంతమందికి పెట్టొచ్చు. వ్యాపారం తెలిసినవాళ్లకి ప్రభుత్వం తెలియదు, ప్రభుత్వంలో ఉన్నవాళ్లకి వ్యాపారం తెలియదు. అందుకే మాకు రెండూ నేర్పుతారు.

పెద్ద వంటశాలలో ఉప్పు తగ్గించాల్సినవాళ్లకి వేరే, షుగరు ఉన్నవాళ్లకి వేరే డబ్బాలు కడతారు. రోగికి అది మంచిదే కదా. నీకూ ఆ పొగ తప్పుతుంది. ఈలోగా నువ్వు మూడో గడి తగ్గించి చూపిస్తే మళ్లీ ఆలోచిస్తారేమో. కొంచెం చిన్న గరిటె వాడి చూడు.

ఎవరు రాశారన్నది అంత ముఖ్యమా పిన్నీ? వేళకి మందులు వేసుకో.

పిడుగు

~

వంటశాల
ఆగస్టు 20

ఏమే,

చిన్న గరిటె వాడాలా? ఆ మాట రాసిన చేత్తోనే ఒకప్పుడు నా గరిటె పట్టుకుని ఊరేగేదానివి. నాకు బీపీ ఉందని ఎవరు చెప్పారు? ఉంటే అది నీ ఉత్తరం చదివాక వచ్చింది.

సరే. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ. నీకు కాక ఎవరికి చెప్పుకుంటాను? చదివి చించెయ్.

ఆ మూడో గడి అబద్ధం. పంతొమ్మిదేళ్ల అబద్ధం. నా చేతులతో నేనే రాశాను.

ఇక్కడ నియమం ఏమిటో తెలుసా? మంచం నంబరు ఉన్నవాడికే భోజనం. ఆపరేషన్ ఉన్నవాడు ఆ పూట తినడు, జ్వరంతో ఉన్నవాడు సగం తిని వద్దంటాడు, ఒకడు మధ్యాహ్నానికి ఇంటికి వెళ్లిపోతాడు. అలా గుండిగలో కొంత మిగులుతుంది. మిగిలినది "బయటివారికి ఇవ్వరాదు, పారవేయవలెను" అని గోడ మీద అద్దం బిగించి మరీ పెట్టారు. బయటివారంటే ఎవరనుకున్నావ్? రోగి పక్కన కూర్చున్న మనిషి. తల్లి, మొగుడు, కూతురు. వాళ్లకి మంచం నంబరు లేదు కాబట్టి ఆకలి కూడా లేదని లెక్క.

మధ్యాహ్నం రెండింటికి, వార్డులన్నీ అయ్యాక, వెనకవైపు కిటికీ తీస్తాను. ఎవరి కంచం వాళ్లు తెచ్చుకుంటారు. ఐదో వార్డు తాత ఉన్నాడు. ఆయన భార్యకి పక్షవాతం. ఆయన తినిపిస్తే తప్ప మింగదు, నర్సు పెడితే ఉమ్మేస్తుంది. ఆమెకి మూడు పూటలా తినిపించే ఆ మనిషి తను తినేది ఒక్క పూట, ఈ కిటికీ దగ్గర. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అద్దాల పెట్టెలో ఉంటే పాలు పట్టడానికి నలభై రోజులుగా బయట బెంచీ మీదే ఉంటున్న తల్లి ఉంది. కాన్పు వార్డు నుంచి ఆమె పేరు కొట్టేశారు, ఆమె ఇక రోగి కాదట. ఇలాంటివాళ్లు ఒకరోజు పదిహేను మంది, ఒకరోజు ఇరవై. నాకు ముందున్న పెద్దవంటావిడ చెప్పింది: "పెట్టు, కానీ పెట్టానని రాయకు. పారేశానని రాయి. పారేస్తే ఎవరూ అడగరు, పెడితేనే అడుగుతారు." అలాగే రాశాను.

గింజ పారేయలేదే పిడుగా. ఒక్క గింజ.

రేపు డబ్బాలొస్తే ఏమవుతుందో చెప్పు. మిగలదు. మిగలకపోతే కిటికీ తీసి ఏం పెట్టను, నా మొహమా? ఆ రాసిన వెధవ పది నిమిషాలు కిటికీ దగ్గర నిలబడి ఉంటే చాలు, ఈ గొడవే ఉండేది కాదు.

ఇది బయటికి పొక్కితే నా ఉద్యోగం ఊడుతుంది. తప్పుడు లెక్క రాసిన నేరానికి పెన్షన్ కూడా ఇవ్వరు. రిటైరవడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. నోరు కుట్టుకో.

పిన్ని

~

హాస్టలు
సెప్టెంబరు 2

పిన్నీ,

ఆ వెధవను నేనే.

పది రోజులుగా ఈ ఒక్క వాక్యం రాసి చింపేస్తున్నాను. వాళ్లు చెప్పే పరిశోధన వేసవిలో కాలేజీ పనికి నేను రాసిన రిపోర్టే. నీ పుస్తకాల్లో నలభై నెలల అంకెలు కూడి లెక్క తేల్చాను. దానికి బహుమతి వచ్చింది. మా ప్రొఫెసరు దాన్ని డిపార్ట్‌మెంటు వాళ్లకి పంపారు, వాళ్లు కంపెనీకి ఇచ్చారు. కంపెనీవాళ్ల పుస్తకంలో మూడో పేజీలో నా పద్దెనిమిది రంగుల్లో అచ్చయి ఉంది. నిజం చెప్పొద్దూ, దాన్ని చూసి పొంగిపోయాను. నా చదువు నిజంగా పనికొచ్చింది అనుకున్నాను. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడే చెప్పాల్సింది. భయపడ్డాను. పైగా నీకే పాఠం చెప్పాను. చిన్న గరిటె అని రాసినందుకు నా చెంప నేనే వాయించుకున్నాను.

కానీ నాకూ నీ మీద కోపంగా ఉంది. నాకెందుకు చెప్పలేదు? పక్క గదిలో పది రోజులు కూర్చున్నాను. పన్నెండింటికల్లా "ఎండ ముదురుతుంది, ఇంటికి పో, ఇంటికి పో" అని తరిమేదానివి. ప్రేమ అనుకున్నాను. కిటికీ తీసే వేళకి నేను ఉండకూడదని తరిమేశావా? ఇంకెవరి రిజిస్టరైనా అయితే నేను చెత్తకుండీ దాకా వెళ్లి తూకం వేసేదాన్ని. మాకు నేర్పింది అదే, రాసింది నమ్మొద్దు, వెళ్లి చూడమని. నీ చేతిరాత కదా అని ఒక్క అంకె కూడా రెండోసారి చూడలేదు. నాకు అంకెలు దిద్దించినదానివి నువ్వే. ఏడు అంకె మీద నువ్వు గీసే అడ్డగీత ఇప్పటికీ నాకూ అలవాటే.

నిన్న ప్రొఫెసరు దగ్గరికి వెళ్లాను. నీ పేరు చెప్పలేదు. "నా అంకె తప్పు సార్. పారేసింది అని రాసింది మనుషులు తిన్నారు" అన్నాను. ఆయన నవ్వి, "బాగుందమ్మా, కానీ ఇది కథ. కథ మీద విధానం మారదు. ఆధారం తీసుకురా" అన్నారు. ఆధారం అంటే నువ్వే. నిన్నెలా తీసుకెళ్లను?

ఈ డబ్బాల సంగతి తేల్చే కమిటీ అక్టోబరులో ఇక్కడి ఆఫీసులో కూర్చుంటోంది. ఏదో ఒకటి చేస్తాను. తిట్టు, కానీ రాయి.

పిడుగు

~

వంటశాల
సెప్టెంబరు 11

గౌరవనీయులైన పరిశోధకురాలు గారికి,

మీ లేఖ అందినది. మీకు బహుమతి వచ్చినందుకు సంతోషం. తమరు ఎదిగినందుకు మాకు గర్వంగా ఉన్నది.

కంచే చేను మేసిందంటే ఏమిటో చిన్నప్పుడు మీరు నన్ను అడిగారు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు మీరే చూపించారు.

మీకు ఏడేళ్లప్పుడు మీ అమ్మగారు ఐదో వార్డులో యాభై రెండు రోజులు ఉన్నారు. మీకు గుర్తుండే ఉంటుంది. స్కూలు నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చేవారు, మంచం కింద చాప వేసుకుని లెక్కలు చేసుకునేవారు. రోజూ రెండింటికి నేను నీలం అంచు కంచంలో అన్నం తెచ్చేదాన్ని. మీ నాన్నగారికి ఒకటి, మీకు ఒకటి. "ఇది మనింటి అన్నం, పొద్దున్నే వండి తెచ్చాను" అనేదాన్ని. మా అక్కకి పౌరుషం ఎక్కువ. ఆసుపత్రిలో మిగిలింది అంటే మంచం దిగి వెళ్లిపోయేది. అందుకని ఆ అబద్ధం.

అటక ఎక్కి ఆ ఏడాది పుస్తకం దించాను. దుమ్ముకి ఇంకా తుమ్ములు ఆగలేదు. మార్చి తొమ్మిది నుంచి ఏప్రిల్ ఇరవై తొమ్మిది వరకు మూడో గడి చూశాను. రోజూ రెండు ఎక్కువ ఉన్నాయి. యాభై రెండు రోజులు మిమ్మల్ని చెత్త కింద రాశాను. ఆ చెత్త పెరిగి పెద్దదై, నా పొయ్యి ఆర్పడానికి రిపోర్టు రాసింది.

ఇంతకన్నా రాయడానికి నాకు చేతకాదు.

ఇట్లు,
వంటమనిషి

~

హాస్టలు
అక్టోబరు 19

పిన్నీ,

మీరు అని రాయకు. కొట్టు, తిట్టు, మీరు అనకు.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు ఆకలేసి మెస్సులో తింటుంటే, ఇది ఏ గడిలో రాస్తారో అనుకున్నాను.

నిన్న కమిటీ ముందుకి వెళ్లాను. పొడుగు బల్ల, మంచినీళ్ల సీసాలు, అయిదుగురు మనుషులు. చివర కంపెనీ మేనేజరు, ఆయన ముందు నా రిపోర్టు. చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని వెళ్లాను. "నా రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పద్దెనిమిది పారేసిన తిండి కాదు, పద్దెనిమిది మంది మనుషులు. రోగి పక్కన ఉన్నవాళ్లు. వాళ్లు తినకపోతే రోగికి తినిపించేవాళ్లు ఉండరు" అన్నాను.

అధ్యక్షుడు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అమ్మాయీ, నీ రిపోర్టులో అంకెలున్నాయి. నీ మాటల్లో లేవు. తిన్నారని రుజువేమిటి?"

"నేనే సార్ రుజువు. నేను తిన్నాను."

"ఎక్కడ రాసి ఉంది?"

ఎక్కడ రాసి ఉందో నాకు తెలుసు. పారేసినది అని రాసి ఉంది. అది చెప్తే నువ్వు దొరికిపోతావు. రాసుకెళ్లిన కాగితం మడిచి పట్టుకున్నాను. మేనేజరు నవ్వాడు. పెద్దగా కాదు పిన్నీ, మర్యాదగా నవ్వాడు. ఒళ్లు మండిపోయింది. "మా డబ్బాల్లో రోగికి కావలసిన పోషకాలన్నీ కొలిచి పెడతాం" అన్నాడు. "మింగించేవాళ్లని కూడా డబ్బాలో పెట్టి పంపుతారా?" అని అడిగాను. నన్ను బయటికి వెళ్లమన్నారు.

బహుమతి తిరిగి ఇచ్చేశాను. ప్రొఫెసరుకి కోపం వచ్చింది. రానీ.

బయట మెట్ల మీద కూర్చుని ఆలోచించాను. ఫ్యాక్టరీ డబ్బా చెడ్డది కాదు, షుగరు పేషెంట్లకి మంచిదే. నీ గుండిగ తప్పు కాదు. తప్పు ఆ మూడు గడుల్లో ఉంది. తిన్న మనిషిని రాయడానికి ఆ పుస్తకంలో చోటు లేదు. అందుకే మంచి మనిషివి అబద్ధం రాశావు, ఆ అబద్ధాన్ని నేను లెక్క కట్టాను, దాన్ని వాళ్లు అమ్ముకుంటున్నారు. గోడ మీది నియమంలో ఒక్క వాక్యం మారాలి: రోగితో ఒక తోడు మనిషికి భోజనం పెట్టవచ్చు. నీ పుస్తకంలో ఒక్క గడి పెరగాలి. రెండేళ్లుగా పొద్దున చదివింది, మధ్యాహ్నం చదివింది కలిపితే నాకు మిగిలింది ఇంతే.

నవంబరు పదిన కమిటీ మీ దగ్గరికి వస్తోంది, ఆఖరి తనిఖీకి. నువ్వు ఏమీ మాట్లాడకు. నీకు ఏడాదిన్నరే ఉంది. నేను ఇంకో దారి చూస్తాను. నా వల్ల నీ పెన్షన్ పోతే నేను బతకలేను.

నీ పిడుగు

~

ఇల్లు
నవంబరు 24

ఏమే పిడుగా,

ఇంటి నుంచి రాస్తున్నాను, చూశావుగా. స్టోరు గదిలోకి నన్ను రానివ్వరు. మొదటి నుంచి చెప్తాను, మధ్యలో కంగారుపడకు.

నువ్వు ఏమీ మాట్లాడొద్దన్నావు. నేను ఎప్పుడైనా మాట్లాడకుండా ఉన్నానా? నీ ఉత్తరం వచ్చిన మర్నాడే స్కేలు పెట్టి, ఎర్ర ఇంకుతో పుస్తకంలో నాలుగో గడి గీశాను. పైన "తోడు మనిషి తిన్నది" అని రాశాను. కిందంతా మంచం నంబర్లు. ఐదో వార్డు, మూడో మంచం, భర్త. అద్దాల గది, ఆరో పెట్టె, తల్లి. పద్దెనిమిది రోజులు రాశాను. పారేసినది గడిలో రోజూ సున్నా చుట్టాను. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ పుస్తకంలో నిజం రాశాను.

కమిటీవాళ్లు వచ్చారు. తెల్లబూట్లు వేసుకుని గుండిగల మధ్య కాళ్లు ఎత్తి ఎత్తి నడిచారు. పుస్తకం తెరిచి ముందు పెట్టాను. అధ్యక్షుడు, "ఇదేమిటమ్మా, ఈ గడి ఎవరు పెట్టమన్నారు?" అన్నాడు.

"ఆకలి పెట్టమంది సార్" అన్నాను.

"మరి ఇన్నేళ్లూ పారేశానని రాశావే?"

"పారేయమని గోడ మీద మీరే రాశారు. పెట్టాను. పెట్టడం తప్పయినచోట అబద్ధం తప్పు ఎలా అవుతుంది?"

సూపరింటెండెంటు కళ్లజోడు తుడవడం మొదలెట్టాడు. ఇక చిన్న మనిషిని ఎవరు కాపాడతారులే అనుకున్నాను. అప్పుడు చూడు, తలుపు దగ్గర మీ అమ్మ!

ఆమెకి వారం ముందే చెప్పాను, ఆ అన్నం మా ఇంటిది కాదని. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "పదహారేళ్లు నన్ను అబద్ధంలో ఉంచుతావటే, చెల్లెలివేనా నువ్వు?" అని ఏడ్చింది. అలాంటి మనిషి, ఉతికిన చీర కట్టుకుని వచ్చి, వాళ్ల ముందు కాగితం పెట్టింది. పాత ఆసుపత్రి చీటీ, మంచం నంబరు, తేదీలు. కింద తన చేతిరాత: "ఈ యాభై రెండు రోజులు నా భర్త, నా బిడ్డ ఈ కిటికీ దగ్గర పెట్టే అన్నమే తిన్నారు." సంతకం. తర్వాత అధ్యక్షుడి మొహంలోకి చూసి, "మా అమ్మాయిని రుజువు అడిగారటగా, ఇదిగో" అంది. అటక మీది పుస్తకం నేను పక్కన పెట్టాను. తేదీకి తేదీ సరిపోయింది. వాళ్లలో ఒకావిడ, అంతవరకు నోరు విప్పనిది, రెండూ పక్కపక్కన పెట్టి వేలితో ఒక్కొక్క రోజూ చూసుకుంటూ చివరిదాకా వెళ్లింది.

ఫలితం చెప్తాను. డిసెంబరు ఒకటి ఆగింది. మార్చి వరకు లెక్క మళ్లీ తీయాలన్నారు, కిటికీ దగ్గర నిలబడి. ఆ లెక్క నువ్వు తీయాలట, నీ రిపోర్టు నువ్వే దిద్దుకోవాలని ఆ ఒకావిడ పట్టుబట్టింది. అప్పటిదాకా నాలుగో గడి ఉంటుంది.

నన్ను మాత్రం సస్పెండ్ చేశారు. పంతొమ్మిదేళ్ల తప్పుడు రాతలకి సంజాయిషీ రాయాలి. రాసి పెట్టాల్సింది నువ్వే, వచ్చాక రాయి. పెన్షన్ సంగతి వాళ్లు తేల్చేదాకా తెలియదు. ఏడుపు మొహం పెట్టకు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అలవాటు మన ఇంట్లో లేదు. ఒళ్లు మండుతోంది అనుకో, అది వేరే సంగతి. పెట్టిన చేతికి శిక్ష వేశారు, పారేయమన్న గోడకి వేయలేదు. అద్దం కూడా పగలలేదు.

మీ అమ్మకి మళ్లీ కడుపునొప్పి వచ్చింది, పరీక్షలకి మూడు రోజులు వార్డులో ఉంచారు. కంగారు పడకు, నిన్న సాయంత్రం ఇంటికి వచ్చేసింది. తోడుగా నేనే ఉన్నాను. నిన్న రెండింటికి, ఆ నీలం అంచు కంచం తీసుకుని నేనూ కిటికీ బయట నిలబడ్డాను. నా ముందు తాత. నా వెనక ఎవరో పిల్లాణ్ణి ఎత్తుకున్న తల్లి. లోపల నా కింద పనిచేసిన అమ్మాయి గరిటె నిండా వేసింది. అన్నం కొంచెం మెత్తబడింది, అది దానికి వేరే చెప్తాను. వేసి, పుస్తకం తెరిచి, కలం పట్టుకుని ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు.

"ఏ గడిలో రాయనక్కా?"

"తిన్నవాళ్ల గడిలో రాయవే, ఇంకెక్కడ రాస్తావ్!" అని కసిరాను.

త్వరగా రా. కంచం కడిగి పెట్టాను.

పిన్ని